గురక రొట్టె

ముసలమ్మ గురక సంగతి ముందే చెప్పేస్తాను. మా కుప్పంలో బయటివాళ్ల ముందు ఎవరూ చెప్పరు కాబట్టి ఎవరో ఒకరు చెప్పాలి. మాది పులికాట్ సరస్సు ఒడ్డున, సూళ్లూరుపేటకు బస్సులో పోయి సంత చేసుకొని రాగలిగినంత దూరంలో ఉన్న చేపలవాళ్ల ఊరు, ఇలాంటి ఊళ్లనే ఇక్కడ కుప్పం అంటారు. నేను ఇక్కడ జాకెట్లు కుడతాను. ముసలమ్మ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడ పుణ్యమా అని మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా జోలపాట కంటే ముందు ఆమె గురకే విన్నది. వేటకు పోయే మగవాళ్లు "ముసలమ్మ ఇంజను ఇంకా నడస్తానే ఉండాది" అని నవ్వుకుంటూ వలలు మోసుకుపోయేవాళ్లు. ఇంతమంది నవ్వుకున్నా సరే, పరాయి ఊరి మనిషి ఎదుట ఆ మాట ఎత్తకూడదు. ఆడమనిషి గురక పెడుతుందని తెలిస్తే ఆ ఇంటికి తలవంపులట. మగవాడు పెడితే మాత్రం కష్టజీవి, ఒళ్లెరగని నిద్ర. ఈ తేడా ఎవరు పెట్టారో తెలిస్తే నాలుగు మాటలు అడిగి ఉందును.

ముసలమ్మ అంటే ముసలిది కాదు, యాభై ఇంకా రాలేదు. అది ఊరి దేవత పేరు. పుట్టిన రోజునుంచీ ఆమె ముసలమ్మే. భారీ మనిషి, నోరు అంతకంటే భారీ. ఇసుక మీద పాత వలలు పరిచి నెత్తళ్లు ఆరబోసేది. కాకుల్నీ కుక్కల్నీ తరుముతూ, ఎండుచేపలు బుట్టకెత్తుకొని సూళ్లూరుపేట బజారులో కూర్చునేది. బేరమాడి ఆమె దగ్గర గెలిచినవాళ్లను నేను చూడలేదు. మొగుడు హజరత్తయ్య. వాళ్ల నాయనమ్మ నెల్లూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. పడవ మీద ఎంత సత్తా ఉన్నవాడో ఒడ్డు మీద అంత మెతక. పెళ్లాం మాట్లాడుతుంటే ఆయన వల బాగుచేసుకుంటూ తల ఊపుతాడు.

ఆ గురకలో ఒక విశేషం ఉండేది. పెరిగి పెరిగి ఉన్నట్టుండి ఆగిపోయేది. అప్పుడు వరసలోని ఇళ్లన్నీ తేలికపడేవి. "అమ్మయ్య, ఇప్పుడు కుదిరింది నిద్ర" అనేది మా అత్త. చంటిపిల్లల్ని ఆ సందులోనే జోకొట్టేవాళ్లం. కాసేపటికి ఆమె నీళ్లలోంచి తల పైకెత్తినట్టు పెద్దగా ఊపిరి లాగి మళ్లీ మొదలుపెట్టేది. మేం విసుక్కొని అటు తిరిగి పడుకునేవాళ్లం. సరస్సులో మునిగిన మనిషి ఎంతసేపటికి తేలాలో మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. మంచం మీద మునిగే మనిషిని మాత్రం మాలో ఒక్కరూ పోల్చుకోలేదు. ఆమెకు ఊపిరి ఆగినప్పుడల్లా మేం హాయిగా నిద్రపోయాం.

పగలు ఆమె తూగేది. బస్సులో తూగి సూళ్లూరుపేట దాటిపోయి, వెనక్కి వచ్చే బస్సులో కూడా తూగేది. లేవగానే తలనొప్పి. అది చూసి "తిన్నది ఒంటికి పడతాంది" అని వేళాకోళం చేసేవాళ్లు. పోయినేడు రొట్టెల పండగకు మా ఆడవాళ్లతో పాటు నెల్లూరు వెళ్లినప్పుడు, స్వర్ణాల చెరువులో నడుం లోతు నీళ్లలో నిలబడి ఆరోగ్య రొట్టె పట్టుకుంది. మా జిల్లాలో ఈ పండగ తెలియనివాళ్లు ఉండరు. కోరిక ఉన్నవాళ్లు, అదే కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె పట్టుకొని తింటారు. తమకూ తీరాక మరుసటేడు వచ్చి, అదే రొట్టె ఇంకొకరికి వదులుతారు. హిందువులా ముస్లిములా అని ఆ నీళ్లలో ఎవరూ అడగరు.

రొట్టె తిన్న కొన్ని నెలలకు, చలికాలం మొదట్లో, ముసలమ్మ ఎడమ పిక్క వాచింది. పగలంతా బజారులో కాళ్లు ముడుచుకొని కూర్చుంటే వాచదా అనుకొని పసుపు పట్టించింది. తర్వాత ఒకరోజు చేపలు తిరగేస్తూ గుండె పట్టుకొని ఇసుక మీద కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో సూళ్లూరుపేటకు, అక్కడి నుంచి అంబులెన్సులో నెల్లూరుకు తీసుకుపోయారు. కాలిలో కట్టిన రక్తపు గడ్డ పైకి పాకి ఊపిరితిత్తుల్లో అడ్డం పడిందని పెద్దాసుపత్రిలో తేల్చారు. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు. సూదులు, తర్వాత రక్తం పలుచన చేసే మాత్రలు. మాత్రలు వేసుకున్నన్నాళ్లూ కత్తిపీట జాగ్రత్త అని చెప్పి పంపారు. రొట్టె పనిచేయలేదని ఊళ్లో వేళాకోళం మొదలైంది. "ఎందుకు పనిచెయ్యలా? చావాల్సిందాన్ని చావలేదు గదా!" అని ఆమె ఒక్కొక్కరినీ నిలదీసింది.

కానీ నెలలు గడిచినా ఆయాసం తగ్గలేదు. బావి దాకా నడిస్తే కూర్చోవాలి. ఊపిరితిత్తుల డాక్టరమ్మ సుప్రియ గారు గుండె స్కాను తీయించి, కుడివైపు గుండె ఇంకా బరువు మోస్తోందని, మాత్రలు వేసుకుంటున్నా ఇట్లా ఎందుకుందో తనకు అంతుపట్టడం లేదని చెప్పింది. తోడుగా నేనూ ఉన్నాను. "రాత్రిపూట నిద్ర ఎలా ఉంటుంది?" అని అడిగిందామె. ముసలమ్మ నోరు తెరిచేలోపు హజరత్తయ్య అందుకున్నాడు.

"బ్రహ్మాండంగా పోతాదమ్మా. పడుకుంటే పిడుగు పడినా లేవదు."

డాక్టరమ్మ సరేనని ఇంకో పరీక్ష రాసింది. నేను హజరత్తయ్య వైపు చూస్తే ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. పెళ్లాం పరువు కాపాడానని ఆ మనిషి అనుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా మొగుడూ పెళ్లాల మధ్య నోరు పెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

ఆ పరీక్ష కోసం బయట బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం అవుతోంది, హాలు నిండా జనం. ముసలమ్మ గోడకు తల ఆనించింది, అంతే, ఇంజను మొదలైంది. పిల్లలు కిసుక్కుమన్నారు. ఒకాయన ఫోను తీసి వీడియో పట్టబోయాడు. హజరత్తయ్య ముఖం ఎర్రబడింది. భుజం పట్టుకొని కుదిపి, "లేయ్, అందరూ చూస్తాండారు" అని పళ్లు కొరికాడు. ముసలమ్మ కళ్లు తెరిచింది. చుట్టూ నవ్వుతున్న ముఖాలు చూసింది. మొగుడి ముఖం చూసింది. లేచి, తలుపు కూడా తట్టకుండా డాక్టరమ్మ గదిలోకి పోయింది. వెనకే మేమిద్దరం పరుగెత్తాం.

"అమ్మా, ఈయన నీకు అబద్ధం చెప్పినాడు. నేను గురక పెడతా. మా కుప్పమంతా వినిపిస్తాది. మధ్యలో ఆగిపోతాదంట. ఉక్కిరి బిక్కిరై లేస్తా. ఇన్నేళ్లూ నా గురక అందరూ విన్నారు, నీకు మాత్రం ఒక్కరూ చెప్పలా, చెబితే సిగ్గంట. నువ్వు రాసుకో."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మధ్యలో ఆగుతుందా?" అని నన్నడిగింది, గోడ పక్కదాన్నని తెలిసి. ఆగుతుందని, ఆగినప్పుడు నిద్ర కుదిరిందని అనుకునేవాళ్లమని చెప్పాను. ఆమె మళ్లీ కలం అందుకుంది. ఒంటినిండా తీగలు పెట్టి ఒక రాత్రి నిద్రను కొలిచే పరీక్ష రాసింది.

ఆ పరీక్ష ఫలితం వచ్చాక విడమరిచి చెప్పింది. నిద్రలో గొంతు కండరాలు వదులై ఊపిరి దారి మూసుకుపోతోంది. దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. ఊపిరి ఆగినప్పుడల్లా రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, ప్రాణం ఉలిక్కిపడి లేస్తుంది, రాత్రంతా ఇదే తంతు.

"దీనివల్లే గడ్డ కట్టిందామ్మా?" అని హజరత్తయ్య చిన్నగా అడిగాడు.

"దీనివల్లే అని నేను ఖచ్చితంగా చెప్పలేను. ఈ రెండూ ఒకే మనిషిలో తరచుగా కనబడతాయి. నిద్రలో ఊపిరి ఆగేవాళ్లకు గడ్డలు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని కొందరు పరిశోధకులు రాశారు. కోలుకోవడంలో పెద్ద తేడా లేదని ఇంకొందరు రాశారు. అందరూ ఒక్క మాట మీద లేరు. కానీ ముసలమ్మ గారి గుండె ఇప్పటికే అలిసిపోయింది. రోజూ రాత్రి ఇలా ఊపిరి ఆగుతుంటే దాని మీద ఇంకా భారం పడుతుంది. ఆ స్థితిలో మళ్లీ ఒక గడ్డ వస్తే తట్టుకోవడం కష్టం."

"వాళ్లందరూ ఒక మాట మీదికి వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టుకోని కూచోవాల్నా?" అంది ముసలమ్మ. "దానికి మందేదో ఇయ్యమ్మా నువ్వు."

మందు కాదు, మిషను. చిన్న పెట్టె, దానికో గొట్టం, గొట్టానికి ముక్కు మీద బిగించుకునే మాస్కు. అది గాలిని ఒత్తిడిగా పంపి గొంతు మూసుకుపోకుండా పట్టుకుంటుంది. పడుకున్నప్పుడల్లా, పగటి కునుకైనా సరే, పెట్టుకునే తీరాలని చెప్పింది. కొడుకు సుబ్బు తడ పక్కన కంపెనీలో పనిచేస్తాడు, వాడు తంటాలు పడి తెచ్చాడు. మొదటి వారం ముసలమ్మ దాన్ని తిట్టని తిట్టు లేదు. ముక్కు ఒరుసుకుపోయింది. పట్టీలు చెవుల్ని కోశాయి. తిడుతూనే పెట్టుకుంది, ఒక్క పూట మానలేదు.

ఇక ఊరి సంబడం మొదలైంది. కరోనా రోజుల్లో మా కుప్పం నుంచి ముక్కుకు గొట్టంతో వెళ్లినవాళ్లు మళ్లీ ఇంటికి రాలేదు. గొట్టం అంటే మాకు అదే గుర్తు. ముసలమ్మకు గొట్టం పెట్టారని తెలియగానే చుట్టాలు అరటిపండ్లూ బ్రెడ్డు ముక్కలూ పట్టుకొని కడసారి చూపుకు దిగారు. మధ్యాహ్నం ఆమె పడుకున్న మంచం చుట్టూ నిలబడి ముక్కులు చీదుతుంటే నేనే చూశాను. ఆమె లేచి కూర్చొని మాస్కు ఊడదీసింది.

"నేను చావలా. చచ్చేటప్పుడు కబురు చేస్తాలే. పండ్లు ఆడ పెట్టి పోండి."

రెండు నెలలు గడిచేసరికి తలనొప్పులు పోయాయి. బస్సులో మెలకువగా కూర్చొని కండక్టరుతో జగడమాడింది. అది చూసి నేను సంతోషించాను. స్కానులో గుండె బరువు కాస్త దిగింది. మాత్రల వల్లో మిషను వల్లో రెండింటి వల్లో చెప్పలేనని, రెండూ ఆపవద్దని డాక్టరమ్మ అంది. మా వరస మాత్రం నిశ్శబ్దంగా ఉంది. కొత్తలో ఆ నిశ్శబ్దానికి మాకే నిద్ర పట్టలేదు.

రొట్టెల పండగ మళ్లీ వచ్చింది. ఏటా ఆడవాళ్లం ఒక వ్యాను మాట్లాడుకొని పోయి, రెండు రాత్రులు నెల్లూరులో ఒక కల్యాణ మండపంలో పడుకొని వస్తాం. ఈ ప్రయాణానికి పెద్దరికం చెంగమ్మది. ఆమె హజరత్తయ్య అక్క, మొగుడు పోయాక కుప్పం చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషి, మా ఆడవాళ్లలో ఆమె మాటకు ఎదురు లేదు. మండపంలో అందరం పడుకున్నాక ఆమె ఒక్కతే గోడకు చేరగిలబడి సామాన్లకు కాపలా కూర్చునేది. ఎన్నేళ్లనుంచో అంతే. తిరుగు ప్రయాణంలో మాత్రం కిటికీకి తల కొట్టుకుంటూ తూగేది, నిద్ర ముంచుకొచ్చినప్పుడల్లా ఉలిక్కిపడి చెంపలు తట్టుకునేది. మా కోసం ఎంత కష్టపడుతుందో అని మేం మెచ్చుకునేవాళ్లం.

వ్యాను ఎక్కే ముందు ఆమె ముసలమ్మను ఆపింది.

"ఆ గొట్టం ఇంట్లో పెట్టి రా. ఆడ పది ఊర్ల ఆడోళ్లు పడుకుంటారు. మన కుప్పం పరువు పోతాది."

"ఇది లేకుండా పడుకోవద్దన్నారు వదినా."

"రెండు రాత్రులకే కొంపలు మునగవు. మేలుకోని కూచో, నేను కూచోవడంలా? ఆడది ఆ మాత్రం ఓర్చుకోలేదా?"

"మన పరువు నా ముక్కులో ఉండాదా వదినా? ఇన్నేళ్లూ ఓర్చుకుంటేనే గడ్డ కట్టింది. మళ్లా కడితే నీ పరువొచ్చి ఊపిరి పోస్తాదా? నేను రొట్టె వదలాల. ఇదీ వస్తాది, నేనూ వస్తా."

"అట్టయితే నువ్వు మా వ్యాన్లో ఎక్కొద్దు" అంది చెంగమ్మ. ఆడవాళ్లందరూ నేల చూపులు చూశారు. ఎవరూ ముసలమ్మ పక్కన నిలబడలేదు. నాకు నోటిదాకా మాట వచ్చింది. ఈలోపు హజరత్తయ్య ఇంట్లోకి పోయి, మిషను పెట్టెను తువాలులో చుట్టి తెచ్చి, వ్యాన్లో ముందు సీటు మీద పెట్టాడు.

"అక్కా, అది లేకుండా ఆమె యాడికీ రాదు. ఆసుపత్రిలో నేను సిగ్గుపడి అబద్ధం చెప్పినా. ఆ అబద్ధానికి నా పెళ్లాం పోయుండేది. ఇంక నాకు సిగ్గు లేదు" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట్లాడటం మా ఊళ్లో అందరూ మొదటిసారి విన్నారు. ముసలమ్మ ఎక్కి ఆ పెట్టె పక్కనే కూర్చుంది, వ్యాను బయలుదేరింది. చెంగమ్మ దారి పొడవునా ముసలమ్మతో మాట్లాడలేదు.

మండపంలో కరెంటు ప్లగ్గు దగ్గర ఇంకో యుద్ధం. ఉన్న ఒక్క ప్లగ్గు చుట్టూ ఏ ఊరివాళ్లో ఫోన్లు పెట్టుకొని కూర్చున్నారు. ముసలమ్మ పోయి, "మీ ఫోన్లు కాసేపు చచ్చినా మళ్లా లేస్తాయి, నేను లేవను, జరగండి" అంది. వాళ్లు జరిగారు. అన్నం తిన్నాక అంతమంది మధ్య చాప పరిచి, మాస్కు బిగించుకొని, వెల్లకిలా పడుకుంది. పిల్లలు గుంపుగా వచ్చి చూశారు. ఆమె కళ్లు మూసుకునే చెయ్యి ఊపింది. చెంగమ్మ గోడ దగ్గర నుంచి చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది. కోపంతో చూస్తోందనే నేను అనుకున్నాను.

మరుసటి పొద్దున చెరువులోకి దిగాం. జనం, తడి చీరలు, నెత్తిన కొంగులు, చేతుల్లో రొట్టెలు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె అని కేకలు. ముసలమ్మ ఇంట్లో కాల్చి తెచ్చిన రొట్టెను రెండు చేతులా ఎత్తి పట్టుకొని గొంతెత్తింది. చేపల బజారు గొంతు అది.

"గురక రొట్టె! గురక రొట్టె! నిద్రలో ఊపిరాడనోళ్లు రండి!"

మొదట చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వులే నవ్వులు. "అట్టాంటి రొట్టె లేదక్కా, ఆరోగ్య రొట్టె అనండి" అని ఒక పిల్ల సలహా ఇచ్చింది. "ఆరోగ్య రొట్టె అంటే మోకాళ్ల నొప్పోళ్లు వస్తారు. ఇది దీనికే" అని ముసలమ్మ మళ్లీ కేక పెట్టింది. ఎవరూ రాలేదు. ఆరోగ్య రొట్టె అనేసి ఉంటే ఎప్పుడో చెయ్యి ఖాళీ అయ్యేది. ఆమె ఆ మాట అనదు. ఎండ ఎక్కుతోంది. ఇంత నిలబడి, ఇంత అరిచి, రొట్టె తిరిగి ఇంటికి మోసుకుపోవాల్సి వస్తుందేమోనని నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు కళ్లదాకా కొంగు లాక్కున్న ఒక మనిషి నీళ్లు తోసుకుంటూ వచ్చి చెయ్యి చాపింది. నడక చూసి పోల్చుకున్నాను. చెంగమ్మ.

"ఇట్టియ్యి" అంది గొంతు తగ్గించి.

"ఏం రొట్టె కావాల వదినా?"

"నీకు తెలవదా? ఇయ్యమే."

"అడిగినోళ్లకే రొట్టె. ఏందో చెప్పి పట్టుకో."

చెంగమ్మ ఏదో గొణిగింది. "వినపళ్లా" అంది ముసలమ్మ. ఆమె రొట్టెను దించలేదు. ఆ క్షణంలో ఆమె మీద నాకు కొంచెం కోపం కూడా వచ్చింది, అంత పెద్దమనిషిని ఇంతమందిలో నిలబెట్టిందే అని. చెంగమ్మ తలమీది కొంగు జారిపోయింది. దాన్ని సర్దుకోలేదు.

"గురక రొట్టె!" అని అరిచింది. "నాక్కావాల! నేనూ పెడతా గురక! మొగుడు ఉన్నప్పుడు వసారాలో పడుకోమనేవాడు. మీరు వింటారని ఇన్నేళ్లూ మీ సంచులకి కాపలా కాసినా. నాకు నిద్ర కావాల!"

మేం మెచ్చుకున్న కాపలా అదన్నమాట. ముసలమ్మ రొట్టెను ఆమె చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

"తిను వదినా. కానీ తిని కూచోవద్దు. నేనూ పోయినేడు తిన్నా, నోరు తెరిచి డాక్టరమ్మకి చెప్పినాకే అది ఒంటికి పట్టింది. సోమవారం నాతో ఆసుపత్రికి వస్తావా?"

చెంగమ్మ నోటినిండా రొట్టెతో తల ఊపింది. కళ్లవెంట నీళ్లు కారుతుంటే చెరువు నీళ్లతోనే కడుక్కుంది.

తిరుగు ప్రయాణంలో నెల్లూరు పక్కనున్న వెంకటాచలం ఊరు దాటకముందే చెంగమ్మ ముసలమ్మ భుజం మీద వాలి నిద్రపోయింది. ఈసారి చెంపలు తట్టుకోలేదు. గురక మొదలైంది, దాని ముందు ముసలమ్మది ఎందుకూ చాలదు. డ్రైవరు అద్దంలో చూసి నవ్వాడు. ముసలమ్మ "రోడ్డు చూసి నడుపు" అంది. గురక పెరిగి పెరిగి ఉన్నట్టుండి ఆగింది. వ్యానులో ఎవరమూ తేలికపడలేదు. మాటలు ఆపేసి అందరం అటు తిరిగాం. "తట్టక్కా, తట్టు!" అని నేను అరిచాను. ముసలమ్మ అప్పటికే తడుతోంది. చెంగమ్మ పెద్దగా ఊపిరి లాగింది. సూళ్లూరుపేట వచ్చేదాకా మేం ఆమె గురక వింటూనే కూర్చున్నాం.